పెసరపప్పు వాసన

ఏప్రిల్ 12, శనివారం. హాంగ్‌జౌ, చైనా.

పొద్దున్నుంచీ ముసురు. కిటికీ తీస్తే ఎదురుగా ఉండాల్సిన కొండ లేదు. నిన్న ఉతికిన బట్టలు హాల్లోనే ఆరుతున్నాయి, దాన్ని ఆరడం అనొచ్చో లేదో గానీ. ఇక్కడ మాకిది మూడో వసంతం, అయినా ఈ తడికి నేనింకా అలవాటు పడలేదు. ఊరివాళ్లు మాత్రం విసుక్కోరు. కొండల మీద టీ చెట్లకి ఈ ముసురే బలం అంటారు.

ఎనిమిదింటికి పక్కింటి ఆయీ తలుపు తట్టింది. ఆయీ అంటే మనం పిన్నిగారూ అన్నట్టు. ఆవిడ అసలు పేరు నాకు తెలుసు గానీ సరిగ్గా పలకడం రాక ఎప్పుడూ పిలవలేదు. చేతిలో కాగితం పొట్లం, యాభై గ్రాములు ఉండొచ్చు. వాళ్ల చెల్లెలిని మేజ్యావులో ఇచ్చారు. అది ఊరికి పడమట, కొండల సందులో, లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీ పండించే పల్లె. మొన్న రాత్రి బాణలిలోంచి దిగిన ఆకట.

"ఇప్పుడే తాగెయ్యకు. పది రోజులు ఆగు. ఇంకా నిప్పుంది దీంట్లో, వేడి చేస్తుంది" అంది.

మొదటి ఏడు ఈ మాట విన్నప్పుడు నా చైనీసు మీదే అనుమానం వచ్చింది. కాదు, వీళ్లకీ మన లెక్కే. కొన్ని తింటే ఒంటికి వేడి, కొన్ని తింటే చలవ. మామిడిపండు తిన్నాక మజ్జిగ తాగమని వెంటపడే మా అమ్మనీ ఈవిడనీ ఒకచోట కూర్చోబెడితే, ఈ ఒక్క విషయంలో నా తర్జుమాతో పని ఉండదు.

పది రోజులు ఆగే ఓపిక నాకు లేదు. పైగా ఇవాళ తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది.

మార్చి చివర్లో సరస్సు దగ్గర ఒక దుకాణంలో 100 గ్రాముల డబ్బా కొన్నాను, 400 యువాన్లు పెట్టి. మన డబ్బుల్లో నాలుగున్నర వేలు దాటుతుంది, అందుకే మావారికి యువాన్లలో చెప్పాను. డబ్బా మీద బంగారు రంగు అక్షరాలతో 'చింగ్‌మింగ్‌కి ముందు కోసినది' అని ఉంది. చింగ్‌మింగ్ వీళ్లు పెద్దల సమాధులు శుభ్రం చేసి దణ్ణం పెట్టుకునే రోజు, ఏటా ఏప్రిల్ 4 లేదా 5న వస్తుంది. ఆ రోజు లోపల కోసిన మొగ్గలకి ఒక ధర, దాటాక కోసినవాటికి ఇంకో ధర. ఆ లెక్కన నా డబ్బా మొదటి రకం, ఆయీ పొట్లం రెండో రకం. కానీ రెండు వారాలుగా ఆ డబ్బా తాగుతుంటే ఏదో వెలితి. వెలితి టీలోనా, నా నాలుకలోనా?

ఇక్కడ టీ రుచి చూసి ధర కట్టే పరీక్షకులకి ఒక పద్ధతి ఉంది. 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల నీళ్లు, 4 నిమిషాలు. నీళ్లు మాత్రం సలసలా మరుగుతుండాలి. ఇంట్లో తాగేటప్పుడు గ్రీన్ టీ మీద మరిగే నీళ్లు పొయ్యరు. పరీక్షకి మటుకు అవే పోస్తారు, ఎందుకంటే ఆ వేడికి ఆకు దాచుకున్నదంతా కక్కేస్తుంది. పెళ్లిచూపులకి వెళ్లి చూడటం వేరు, చెప్పా పెట్టకుండా ఇంటికెళ్లి చూడటం వేరు కదా.

కేకుల కోసం కొన్న చిన్న త్రాసు తీశాను. రెండు తెల్ల గిన్నెలు, ఫోన్లో అలారం. మావారు అప్పుడే లేచి వచ్చి, "పొద్దున్నే ల్యాబ్ పెట్టావేంటి?" అన్నారు.

ముందు ఎండు ఆకుని పళ్లెంలో పోసి చూశాను. డబ్బాది అంతా ఒకే పొడుగు, ఒకే పచ్చ, ఇస్త్రీ చేసినట్టుంది. కాకపోతే మెరుపు లేదు, దుమ్ము పడిన సామానులా ఉంది. ఆయీ ఆకు పచ్చలో కాస్త పసుపు కలిసి, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఈ తేడాకి కారణం పోయినేడు మేజ్యావు వెళ్లినప్పుడు తెలిసింది. డబ్బాలది ఎక్కువగా 'లాంగ్‌జింగ్ 43' అనే రకం. మంచి చెట్టు ఒకటి ఎంచుకుని దాని కొమ్మలు నాటి పెంచినవి కాబట్టి అన్నీ ఒకేసారి, అదీ పాత చెట్ల కంటే వారం పది రోజులు ముందే చిగురేస్తాయి. చింగ్‌మింగ్ ధర అందుకోవడానికి అనుకూలం. ఆయీ వాళ్లవి గింజ నుంచి మొలిచిన పాత చెట్లు. ఏ చెట్టు దారి దానిదే, లేవడమూ ఆలస్యమే. అంటు మామిడికీ టెంక మామిడికీ ఉన్న తేడా అన్నమాట. కాబట్టి చింగ్‌మింగ్ దాటింది గనక తక్కువ రకం అనడానికి లేదు.

అలారం మోగింది. ఏ గిన్నె ఏదో చెప్పకుండా మావారికి చెంచాతో ఇచ్చాను.

మొదటిది తాగి, "ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లు" అన్నారు. అది నా 400 యువాన్లు.

రెండోది తాగి మొహం చిట్లించారు. "ఇది ఇంకా చేదు" అని చెంచా కింద పెట్టారు. ఓ పది సెకన్లు ఆగి, "ఆగాగు. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగినట్టుంది" అన్నారు.

ఆయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. మూడేళ్లుగా ఆయీ నాకు నేర్పాలని చూస్తున్నది అదే. మింగాక గొంతులోంచి తీపి తిరిగొస్తుంది, దానికి వీళ్ల భాషలో హ్వేగాన్ అని ప్రత్యేకంగా మాటే ఉంది. మనకి మాట లేకపోతేనేం, ఉసిరికాయ ఉంది.

తర్వాత ఆయీని పిలిచి డబ్బా చూపించాను. తాగను కూడా తాగలేదు. నీళ్లలో నానిన ఆకుని వేళ్లతో నలిపి చూసి, ఒకే మాట అంది, "పాతది". పోయినేటి ఆకుని కొత్త డబ్బాలో పోసి అమ్మారన్నమాట. దుకాణానికి వెళ్లి పోట్లాడే భాష నాకు లేదు. ఉన్నా వెళ్లేదాన్ని కాదేమో, ఈ వానలో.

నన్ను ఆయీ మొదట చూసిన రోజు గుర్తొచ్చింది. మొదటి వసంతం, ఇలాగే ఒక పొట్లం తెచ్చిచ్చింది. నేను దాన్ని పాలల్లో వేసి, అల్లం దంచి, పంచదార పోసి మరిగించాను. ఎంతకీ రంగు రాకపోతే ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు, అలా పొట్లం మొత్తం. అప్పుడే ఏదో అడగడానికి వచ్చి పొయ్యి వైపు చూసింది. "ఆయ్యా!" అంది. వీళ్ల ఆయ్యాకీ మన అయ్యోకీ పెద్ద తేడా లేదు. మంచి రకం అర కిలో తయారవ్వాలంటే ముప్పై వేలకి పైగా మొగ్గలు కావాలంటారు, ఒక్కొక్కటీ చేత్తో గిల్లాలి. ఆ లెక్కన నేను పాలల్లో ఉడకేసింది ఓ మూడు వేల మొగ్గలు.

మర్నాడు ఒక మామూలు గాజు గ్లాసు పట్టుకుని వచ్చి పాఠం మొదలుపెట్టింది. దేనికైనా ముందు వాసన చూడమనేది. బఠాణీ వాసన వస్తోందా, చెస్ట్‌నట్ వాసన వస్తోందా అని అడిగేది. చెస్ట్‌నట్ నేను ఇక్కడికొచ్చాకే చూశాను, ఆ మాట వింటే నాకు లోపల ఏమీ కదలదు. వస్తోందని తలూపేదాన్ని. అబద్ధం అని ఆవిడకీ తెలుసు.

ఆ ఏడు సంక్రాంతికి పొంగలి కోసం పెసరపప్పు వేయిస్తున్నాను. సరిగ్గా ఎర్రబడబోయే ముందు కమ్మటి వాసన వస్తుంది చూడండి, అప్పుడు ఆయీ గబగబా వచ్చి, "జనవరిలో నీకు ఆకు ఎక్కడ దొరికింది? ఎవరు వేయిస్తున్నారు?" అంది. బాణలి చూపించాను. ఇద్దరం కాసేపు దాని మీద వంగి నిలబడ్డాం. పప్పు మాడిపోయింది. కానీ అప్పటినుంచీ లాంగ్‌జింగ్ నాకు తెలిసిపోయింది.

అలా ఎందుకుంటుందో తర్వాత అర్థమైంది. తరిగిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుందే, అలా నల్లబరిచే ఎంజైమే తేయాకులోనూ ఉంటుంది. బ్లాక్ టీకి దాన్ని తన పని తనని చేసుకోనిస్తారు. గ్రీన్ టీకి కోసిన రోజే వేడి తగిలించి ఆపేస్తారు. జపాన్లో ఆవిరి పెడతారు కాబట్టి వాళ్ల టీ ఆకుకూర వాసనేస్తుంది. ఇక్కడ బాణలిలో, ఉత్త చేత్తో, నొక్కుతూ విసురుతూ వేయిస్తారు. ఆకు బల్లపరుపుగా అయ్యేదీ అక్కడే. ఆయీ మరిది చెయ్యి చూశాను, కరెంటు బాణలి పక్కన కూర్చుని రాత్రి పన్నెండు దాకా వేయించిన చెయ్యి. చివర అరచెయ్యంతా బొబ్బలే.

పదకొండింటికి అమ్మ వీడియో కాల్. విజయవాడలో ఎనిమిదిన్నర, చేతిలో స్టీలు గ్లాసు.

"ఏమే, ఆ పచ్చి నీళ్లేనా ఇవాళ కూడా?"

"పచ్చివి కాదమ్మా. అసలు రుచి..."

"జలుబు చేసినప్పుడు తులసాకులు వేసి ఇచ్చేదాన్ని కాదూ, తాగావా ఎప్పుడైనా? పారబోసేదానివి. ఇప్పుడు వేలు పోసి తాగుతున్నావు."

వేలు అన్నమాట ఎవరు చేరవేశారో తెలుసు. మావారు బాత్రూంలోకి వెళ్లిపోయారు.

మా అమ్మకి ఈ ఊరంటే గౌరవమే, 2023 ఏషియన్ గేమ్స్‌లో బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచింది ఇక్కడేనని. టీ దగ్గరే పేచీ. అమ్మ 'టీ' అంటుంది, హైదరాబాదు మనిషి గనక మావారు 'చాయ్' అంటారు, ఏది గొప్పదని ఇద్దరికీ ఫోన్లో పోటీ. తమాషా ఏమిటంటే రెండూ ఇక్కడి మాటలే. ఒకే అక్షరాన్ని చైనాలో చాలాచోట్ల 'చా' అని చదువుతారు, ఫుజియన్ తీరంలో 'తే' అంటారు. చా నేల దారిన పర్షియా చేరి చాయ్ అయింది. తే డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ వెళ్లి, ఇంగ్లీషువాళ్ల నోట్లో టీ అయి మనదాకా వచ్చింది. తేయాకు, తేనీరు అన్నప్పుడు ఆ తే ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ సంగతి చెప్తే ఇద్దరిలో ఎవరూ సంతోషించలేదు.

మధ్యాహ్నం పడుకోకుండా, ఈసారి పరీక్షలూ అవీ లేకుండా, ఆయీ పొట్లంలోంచి ఇంకో మూడు గ్రాములు తీశాను. నీళ్లు మరిగించి, మూత తీసి, 80 డిగ్రీలకి దిగేదాకా ఆగాను. ఆయీకి థర్మామీటర్ అక్కర్లేదు, కెటిల్ మీద ఆవిరి ఎలా లేస్తోందో చూసి చెప్తుంది. నాకు కావాలి. చేదు నిచ్చే పదార్థాలు నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ దిగుతాయి. కమ్మదనాన్నిచ్చే అమైనో ఆమ్లాలు ఇంత వేడికే చక్కగా వచ్చేస్తాయి. ఆ కమ్మదనం అచ్చం పప్పుకట్టులో ఉండేదే, ఉప్పూ పులుపూ వెయ్యకముందు.

గ్లాసులో పావు వంతు నీళ్లు పోసి, ఆకు తడిసేలా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేయించిన పెసరపప్పు. దాని వెనక ఏదో పచ్చిది, అప్పుడే ఒలిచిన అనపకాయ గింజల్లాంటిది. తర్వాత పైకెత్తి సన్నధారగా పోశాను, గ్లాసులో పదికి ఏడు వంతులు మాత్రమే. మొదట్లో ఇది నాకు పిసినారితనంలా తోచేది. మన ఇళ్లల్లో అతిథికి పొర్లేలా పోస్తేనే మర్యాద. ఇక్కడ నిండా పోస్తే చెయ్యి కాలుతుంది, వాసన నిలవడానికి చోటుండదు. మూత పెట్టకూడదు, పెడితే ఆకు ఉడుకుతుంది.

ఆకులు కాసేపు పైనే తేలి, ఒక్కొక్కటే నిలువుగా కిందకి దిగాయి. కొన్ని సగం దూరం వచ్చి మళ్లీ పైకెళ్లాయి. పని మానుకుని చూశాను.

మూడో వంతు మిగిలేదాకా తాగి మళ్లీ నీళ్లు పొయ్యాలి. ఇవాళ మొదటి గ్లాసులో వాసన ఎక్కువ, కొంచెం గరుకు. ఆయీ చెప్పిన నిప్పు అదే కాబోలు. రెండోది బాగుంది, చాలా బాగుంది. మూడోదానికి తాటి ముంజెల నీళ్లంత తీపి మిగిలింది, అంతే. నాలుగింటికి మావారు వచ్చి, "ఇంక అసలు చాయ్ పెడతావా?" అన్నారు. పెట్టాను. నేనూ తాగాను, అల్లం వేసిందే. వానకి అదే బాగుంటుంది.

మిగిలిన పొట్లం ఎక్కడ పెట్టాలన్నది సాయంత్రం సమస్య. తేయాకు పక్కనున్న వాసనలన్నీ పీల్చేసుకుంటుంది, మా వంటింట్లో ఇంగువ తగలని మూల లేదు. ఫ్రిజ్‌లో నిన్నటి సాంబారు. ఆయీ ఇంట్లో మంచం కింద మట్టి జాడీ ఉంది. అడుగున గుడ్డలో కట్టిన సున్నపురాళ్లు, పైన కాగితం పొట్లాలు. సున్నం తేమని లాగేస్తుంది, కొత్త ఆకులో నిప్పు చల్లారేదీ అందులోనే. నాకూ జాడీ ఉందని గొప్పగా తీసుకెళ్లాను. బెజవాడ నుంచి విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆవకాయ జాడీ, ఇప్పుడు ఖాళీ, నాలుగుసార్లు కడిగింది. ఆయీ మూత తీసి వాసన చూసి, మర్యాదగా మళ్లీ మూత పెట్టేసింది.

సరే, పది రోజులు మీ దగ్గరే ఉండనివ్వండి అని పొట్లం ఇచ్చేశాను. గుర్తు కోసం పెన్సిల్‌తో దాని మీద ఏదో రాసింది. నా పేరు ఆవిడకి నోరు తిరగదు. వంగి చదివాను. 'పెసల పిల్ల' అని ఉంది.