ఆయన నన్ను తిట్టలేదమ్మా, నా కిక్‌ని తిట్టాడు

పోయిన జూన్‌లో ఓ కాలేజీ ఫుట్‌బాల్ క్యాంపు నుంచి తిరిగొస్తుంటే కారులో మా అబ్బాయి ఈ మాట అని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు. ఇంటికి మూడు గంటల దారి. దారి పొడుగునా ఆ మాటే నా బుర్రలో తిరిగింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

వాడు అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో కిక్కర్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి పోయేలా తన్నేవాడు. చిన్నప్పుడు సాకర్ ఆడేవాడు, ఎనిమిదో తరగతిలో ఎవరో సరదాకి బంతి తన్నమంటే తన్నాడు, అంతే, ఇక ఆ ఆటను వదల్లేదు. ఆ రోజు క్యాంపులో 42 గజాల నుంచి మూడు కొట్టాడు. మూడూ లోపలికే వెళ్ళాయని నేను చప్పట్లు కొట్టాను. అక్కడి కోచ్ మాత్రం పిల్లలూ తల్లిదండ్రులూ అందరూ వింటుండగా గట్టిగా చెప్పాడు. హైస్కూల్‌లో గోల్ స్తంభాల మధ్య దూరం 23 అడుగుల 4 అంగుళాలు, కాలేజీలో 18 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి వీటిలో రెండు ఇక్కడ మిస్ అయినట్టే. కాలేజీలో బంతి కింద పెట్టే చిన్న పీట, దాన్నే టీ అంటారు, అది ఉండదు, నేల మీద నుంచే తన్నాలి. స్నాప్, అంటే బంతిని వెనక్కి అందించడం, దగ్గర్నుంచి కాలు తగిలేదాకా 1.3 సెకన్లు, నువ్వు అంతకంటే ఎక్కువ తీసుకుంటున్నావు, పైగా నీ బంతి త్వరగా లేవట్లేదు, ఎదుటివాడి చేతికి తగులుతుంది. రావాలనుకుంటే వాక్-ఆన్‌గా, అంటే సొంత ఖర్చు మీద రా. స్కాలర్‌షిప్ ఇవ్వను. రెండేళ్ళు మైదానంలోకి దిగకపోవచ్చు.

నా ఒళ్ళు బిగుసుకుపోయింది. నేను ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. ఆదివారం టెస్ట్ పెడితే సోమవారం స్టడీ అవర్‌లో మార్కులు పైకి చదివేవాళ్ళు, తక్కువ వచ్చినవాళ్ళు లేచి నిలబడాలి. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది నాకు. అయినా ఇప్పటికీ ఎవరైనా నా పేరు గట్టిగా పిలిస్తే కడుపులో ఏదో కదులుతుంది. నా కొడుకు అలా నిలబడటం చూడలేకపోయాను. అందుకే కారులో "అలాంటి మనిషి దగ్గరికి నిన్ను పంపనురా" అన్నాను. దానికి వాడిచ్చిన జవాబే పైన రాసింది.

అక్టోబరులో ఇంకో కోచ్ మా ఇంటికే వచ్చాడు. రెండో డివిజన్ యూనివర్సిటీ, అంటే కాలేజీ ఆటల్లో పెద్ద టీమ్‌లకు కింది స్థాయి. ఆ డివిజన్‌లో టీమ్ మొత్తానికి 36 స్కాలర్‌షిప్‌ల డబ్బే ఉంటుంది, దాన్ని వందమందికి ముక్కలు చేసి పంచుతారు. మా వాడికీ ఒక ముక్క ఇస్తానన్నాడు. చెప్పులు బయట విప్పి వచ్చాడు, పులిహోర రెండోసారి అడిగి వేయించుకున్నాడు, నన్ను కూడా "మామ్" అనే పిలిచాడు. వీడు నా కొడుకులాంటివాడు, మాది టీమ్ కాదు కుటుంబం అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన అప్పటికే ఫీజుల లెక్కలు వేసుకుంటున్నారు. మా వాడు మాత్రం ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రుల్లో నేను చాలా చదివాను. ఎవరు మంచి కోచ్, మెత్తనివాడా కఠినుడా, ఎవరి దగ్గర పిల్లలు బాగుపడతారు అని. అట్లాంటా ఉత్తరాన ఉండే మాకు అటు క్లెమ్సన్, ఇటు అలబామా యూనివర్సిటీలు రెండూ కారులో వెళ్ళిరాగల దూరమే, వాటి పేర్లు పిల్లల నోట ఎప్పుడూ వినబడుతూనే ఉంటాయి. అలబామాలో నిక్ సేబన్ 2007 నుంచి కోచ్‌గా ఉండి 2024 జనవరిలో రిటైరయ్యాడు, అక్కడ ఆరు జాతీయ టైటిళ్ళు గెలిచాడు. ఆయన తండ్రికి వెస్ట్ వర్జీనియాలో పెట్రోల్ బంకు ఉండేది. చిన్నప్పుడు ఆయన అక్కడ కార్లు కడిగితే, ఎక్కడైనా చిన్న చార మిగిలినా తండ్రి కారంతా మళ్ళీ కడిగించేవాడట. క్లెమ్సన్‌లో డేబో స్వీనీది ఇంకో దారి. కుటుంబం, విశ్వాసం, ప్రేమ అంటూ మాట్లాడతాడు. వేరే కాలేజీల నుంచి తయారైన ఆటగాళ్ళను చాలా ఏళ్ళు దాదాపుగా తీసుకోలేదు, చేర్చుకున్న పిల్లల్నే పెంచుతానన్నాడు. ఆయన అలబామాలో చదువుకునేటప్పుడు ఉండటానికి ఇల్లు లేక తల్లి కూడా వచ్చి ఆయన అపార్ట్‌మెంట్‌లోనే ఉందని చదివి, ఇక నా మనసు అటే వెళ్ళిపోయింది.

ఎవరు సరైనవాళ్ళో స్కోర్లు చెబుతాయేమోనని అవీ చూశాను. 2015 నుంచి 2018 దాకా వరుసగా నాలుగు సీజన్లు ఈ ఇద్దరి టీమ్‌లూ చివరి దశలో తలపడ్డాయి. 45-40 సేబన్, 35-31 స్వీనీ, 24-6 సేబన్, 44-16 స్వీనీ. చెరి రెండు. నా ప్రశ్నకు అక్కడా జవాబు దొరకలేదు.

డిసెంబరులో ఆ పులిహోర తిన్న కోచ్ ఇంకో యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. మా వాడికి మూడు లైన్ల మెసేజ్ వచ్చింది. కొత్తగా వచ్చినాయన, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి అనుభవం ఉన్న కిక్కర్‌ని తెచ్చుకున్నాడు, మాకిస్తానన్న డబ్బు లేదు. కాగితం మీద ఏదీ లేదు కాబట్టి అడగడానికీ ఏమీ లేదు. వాడికంటే నేనే ఎక్కువ ఏడ్చాను. వాడు "నాకు తెలుసమ్మా, ఆయన నా వీడియో ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు" అన్నాడు. ఆ విషయం నాతో ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు ఆయన్ని చూసి చాలా సంతోషంగా ఉన్నావు కదా అన్నాడు.

దీన్నిబట్టి కఠినంగా మాట్లాడేవాళ్ళు నిజాయితీపరులు, తీయగా మాట్లాడేవాళ్ళు మోసగాళ్ళు అని రాస్తే సులువుగా ఉంటుంది. కానీ అదీ నిజం కాదు. ఇదే సేబన్ 2006 డిసెంబరులో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కి కోచ్‌గా ఉంటూ, అలబామాకు వెళ్ళేది లేదని అందరి ముందూ చెప్పి, రెండు వారాలు తిరక్కుండానే వెళ్ళాడు. స్వీనీ ఇన్నేళ్ళూ క్లెమ్సన్ దాటలేదు. డియాన్ శాండర్స్ అనే కోచ్ 2022 డిసెంబరులో కొలరాడో యూనివర్సిటీకి వచ్చిన మొదటి సమావేశంలోనే, ఉన్న ఆటగాళ్ళ ముఖం మీదే పోర్టల్‌లోకి వెళ్ళిపొమ్మన్నాడు. కొన్ని నెలల్లో స్కాలర్‌షిప్ ఉన్నవాళ్ళే 50 మందికి పైగా వెళ్ళిపోయారు. ఆ వీడియో చూస్తూ ఆ గదిలో కూర్చున్న పిల్లల తల్లులను తలచుకున్నాను. 2022లో ఒక్క ఆటే గెలిచిన టీమ్ 2024లో తొమ్మిది గెలిచింది. అయినా ఆ తల్లులకు ఏం చెప్పగలం?

అలా చదువుతుంటేనే మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో జాన్ గాలియార్డి అనే కోచ్ కనిపించాడు. 2012లో రిటైరయ్యేనాటికి మొత్తం 489 ఆటలు గెలిచాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్ని గెలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు. ప్రాక్టీసులో ఈల ఊదేవాడు కాదు, ఎదుటివాణ్ణి పట్టి పడేసే ట్యాక్లింగ్ చేయించేవాడు కాదు, తనను కోచ్ అని పిలవనిచ్చేవాడు కాదు, జాన్ అనాల్సిందే. ఈయన గురించి ఉత్సాహంగా మా వాడికి చదివి వినిపించాను. అంతా విని, "ఆయన మెత్తగా ఉన్నాడంటే ఆట ఆయనకు ముఖ్యం కాదని కాదు కదమ్మా. నువ్వు పర్లేదు అన్నప్పుడు మాత్రం నా ఆట నీకు ముఖ్యం కాదని నాకు తెలుస్తుంది" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. ఎందుకంటే అది నిజం. లెక్కల్లో 94 వస్తే మిగతా ఆరు ఎక్కడ పోయాయని అడిగేదాన్ని. తొమ్మిదేళ్ళప్పుడు తెలుగు సంఘం వేదిక మీద వేమన పద్యం మూడో పాదం మరిచిపోతే, కారెక్కాక "నువ్వెప్పుడూ ఇంతే" అన్నాను. పద్యాన్ని కాదు, వాణ్ణే అన్నాను. అదే మైదానంలో బంతి పక్కకి పోతే మాత్రం "పర్లేదు కన్నా" అంటూ నీళ్ళ సీసా అందించేదాన్ని. అదే ప్రేమ అనుకున్నాను. శ్రావణ శుక్రవారం పూజ ముగించుకుని, పట్టుచీర మార్చుకోకుండానే ఆటకు పరుగెత్తిన రోజులున్నాయి. అంత చేసీ, వాడి కిక్ ఎందుకు ఎడమకి పోయిందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇదే దారిలో ఉన్న అమ్మానాన్నలు నన్నడిగితే కొన్ని చెప్పగలను. మీ పిల్లవాడి గురించి కోచ్ చెప్పే మాటల్లో, ఇంకే పిల్లవాడికీ అతకనివి ఎన్ని ఉన్నాయో వినండి. టీమ్‌లో ఇప్పటికే ఎంతమంది కిక్కర్లున్నారు, గడచిన మూడేళ్ళలో ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారు అని అడగండి. వీలైతే మామూలు ప్రాక్టీసుకి వెళ్ళి, తప్పు చేసిన పిల్లవాడు పక్కకి వచ్చి నిలబడ్డాక కోచ్ వాడి దగ్గరికి వెళ్తాడో లేదో చూడండి. వాక్-ఆన్ అయితే ఇంకా జాగ్రత్త. 2025లో కోర్టు ఒప్పందం తర్వాత, ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచే పెద్ద కాలేజీల్లో టీమ్‌కి 105 మంది అనే పరిమితి వచ్చింది, దాంతో చోటు పోయినవాళ్ళలో వాక్-ఆన్‌లే ఎక్కువ.

ఇవన్నీ అడిగాక కూడా నాకు ధైర్యం రాలేదు. మా వాడు జూన్ నాటి ఆ కోచ్ దగ్గరికే వెళ్తున్నాడు. ఆయన కూడా రేపు ఇంకెక్కడికో వెళ్ళిపోవచ్చు. ఇవాళ కిక్‌ని తిట్టిన మనిషి రేపు ఓడిన రోజున పిల్లవాణ్ణే తిట్టవచ్చు, అప్పుడు వినడానికి నేను పక్కన ఉండను. నా హాస్టల్ భయం వాడిమీద రుద్దుతున్నానా, లేక ఆ భయం నాకు తెలిసిన నిజమేదో చెబుతోందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఒక్కోసారి వాడు మరీ త్వరగా ఆయన్ని నమ్మాడనిపిస్తుంది. ఇంట్లో అలవాటైన గొంతు కాబట్టే నమ్మాడా అని కూడా అనిపిస్తుంది, అప్పుడు నిద్ర పట్టదు.

నిన్న సాయంత్రం స్కూలు గ్రౌండుకి వెళ్ళాం. వాడు టీ లేకుండా, నేల మీద నుంచి తన్నుతున్నాడు, నేను బంతులు ఏరి తెస్తున్నాను. ఒకటి ఎడమ స్తంభానికి తగిలి పడింది. పర్లేదు అనబోయి ఆగాను.

"అమ్మా, ఆనించిన కాలు బంతికి ఎంత దగ్గర్లో పడింది?" అన్నాడు.

నాకు తెలియలేదు. అంతసేపూ నేను వాడి ముఖమే చూస్తున్నాను.

"చూడలేదు నాన్నా. మళ్ళీ కొట్టు, ఈసారి కాలే చూస్తాను" అని, బంతి పక్కన గడ్డిలో కూర్చున్నాను.