భుజం ఒగ్గేయ్ బావూ

మా విజయనగరం వైపు బలం అన్న మాట వస్తే కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు రాకుండా ఉండదు, ఛాతీకి ఇనప గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి తెంపేసేవారని పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు. అది వింటూ పెరగడం వల్లేమో, కరాటే క్లాసుకి కొత్తగా వచ్చిన పిల్లలకి బలం అంటే బిగపట్టడమే. పిడికిలి బిగుస్తాది, దవడ బిగుస్తాది, భుజాలు చెవుల దాకా లేచిపోతాయి. పంచ్‌లో మాత్రం స్పీడ్ ఉండదు.

ఎందుకంటే మోచెయ్యి చాచేది చెయ్యి వెనకున్న ట్రైసెప్స్, మడిచేది ముందున్న బైసెప్స్. రెండూ ఒకేసారి బిగిస్తే మన చెయ్యిని మనమే వెనక్కి లాక్కుంటున్నట్టే కదా. చెయ్యి వదులుగా బయల్దేరాలి, తగిలే క్షణంలో ఒళ్ళంతా బిగవాలి, వెంటనే మళ్ళీ వదిలేయాలి, తడి తువ్వాలు విదిలించినట్టు. ఆ ఒక్క క్షణం బిగింపునే కరాటేలో కిమే అంటారు.

ఇదంతా మాస్టారు మొదట్లోనే చెప్పేస్తారు, "భుజం ఒగ్గేయ్ బావూ" అని క్లాసంతా తిరుగుతూనే ఉంటారు, కానీ చెప్తే వచ్చేది కాదిది, రిలాక్స్ అవ్వు అంటే ఇంకాస్త బిగుసుకుపోతాం. కొత్త పని నేర్చుకునేటప్పుడు శరీరం కీళ్ళన్నీ కట్టేసుకుంటాది, అన్నిట్నీ ఒకేసారి అదుపు చెయ్యలేదు కాబట్టి. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ దీని గురించే రాశారు. ఆయన 1920ల్లో మాస్కోలో సుత్తి పనివాళ్ళని ఫిల్మ్ మీద తీసి చూస్తే, చెయ్యి తిరిగినోడి భుజం, మోచెయ్యి దెబ్బ దెబ్బకీ కాస్త తేడాగా కదుల్తున్నాయట, సుత్తి మాత్రం పడాల్సిన చోటే పడుతోందట. నాకు ఇది చదివాక చాలా విషయాలు వెలిగాయి. అంటే వదులుతనం విడిగా నేర్చుకునేది కాదు, ఏ కండ అక్కర్లేదో ఒంటికి తెలిసేకొద్దీ అదే వస్తాది.

అందుకే బెల్ట్ టెస్టుల కోసం తొందరపెట్టడం నాకు అస్సలు నచ్చదు, బిగుసుకుపోయిన కాతానే (వరసగా చేసే దెబ్బలు, అడ్డుకోవడాల కూర్పు) పిల్లల ఒంట్లో అలా గట్టిపడిపోతాది. నాకు బాగా పనిచేసింది హెయాన్ షోదాన్, మొదటి కాతా. బ్లాక్ బెల్ట్ వచ్చాక కూడా దాన్నే చాలా నెమ్మదిగా, ఊపిరి వదుల్తూ చేస్తాను. ఇంకోటి, క్లాస్ చివర్లో బాగా అలిసిపోయినప్పుడు పంచ్‌లు వెయ్యడం. భుజానికి బిగబట్టే ఓపిక ఉండదు కదా, అప్పుడు నడుం లోంచి వస్తాది పంచ్, శబ్దమే వేరేగా ఉంటాది!

స్పారింగ్‌లో మాత్రం ఇదంతా మళ్ళీ మొదటికొస్తాది, ఎదురుగా మనిషి ఉంటే భయానికి ముందు ఊపిరి ఆగిపోతాది, తర్వాత భుజాలు లేస్తాయి. అందుకే ఈమధ్య మా సీనియర్ అన్నయ్యతో సగం స్పీడ్‌లోనే స్పారింగ్ చేస్తున్నాం, ఎవరి ఊపిరి ఆగినా ఇద్దరం ఆపేసి మళ్ళీ మొదలెడతాం. పంచ్‌లకి బానే కుదురుతోంది, మవాషి గేరీకి, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే కిక్‌కి, ఇంకా టైం పడతాది, నిలబడ్డ కాలి తుంటి దగ్గర ఇంకా పట్టేస్తోంది.