తెరెక్ ఒడ్డున

మా అమ్మాయి రష్యా దక్షిణాన ఉన్న దాగెస్తాన్‌లోని మఖచ్‌కలాలో మెడిసిన్ చదువుతోంది. సెప్టెంబర్లో దాన్ని చూడ్డానికి వెళ్తే, "అమ్మా, ఇక్కణ్ణించి గ్రోజ్నీ మూడు గంటలే, మా ఫ్రెండ్ వాళ్ళింటికి రమ్మంటోంది, వెళ్దామా?" అంది. గ్రోజ్నీ అంటే పక్కనున్న చెచెన్యా రాజధాని. ఆ పేరు వినగానే తొంభైల్లో, రష్యాతో చెచెన్ల యుద్ధాలప్పుడు, టీవీ వార్తల్లో చూసిన కాలిన భవనాలే గుర్తొచ్చాయి. కొంచెం టెన్షన్‌గానే మార్ష్రుత్కా ఎక్కాను. మన షేర్ ఆటోలాంటిదే, కాకపోతే వ్యాను. సీట్లు నిండితేగాని కదలదు.

దారిలో ఖసవ్యుర్త్ వచ్చింది. సందడిగా ఉన్న బజారు ఊరు. 1996 ఆగస్టు 31న రష్యా తరఫున జనరల్ లెబెద్, చెచెన్ల తరఫున మస్ఖదోవ్ సంతకాలు చేసి మొదటి యుద్ధం ఆపింది ఇక్కడే. మూడేళ్ళకే రెండోది మొదలైంది.

గ్రోజ్నీలో దిగాక నేను వెతుక్కున్న శిథిలాలు ఎక్కడా లేవు. 2003లో ఐక్యరాజ్యసమితి ప్రపంచంలోకెల్లా ఎక్కువ ధ్వంసమైన నగరం అని చెప్పిన ఊరు ఇదేనంటే నమ్మలేం. అద్దాల మేడలు, 2008లో తెరిచిన పెద్ద మసీదు, పుతిన్ పేరు పెట్టిన వీధి. అంతా కొత్తదే. యాభై ఏళ్ళ గోడ ఒక్కటి కనిపిస్తుందేమోనని చూస్తూ నడిచాను.

అమ్మాయి ఫ్రెండ్ వాళ్ళ బామ్మగారు గుమ్మంలోకి వచ్చి చెచెన్ భాషలో ఏదో అన్నారు. మనవరాలు రష్యన్‌లో చెబితే, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. "స్వేచ్ఛగా రండి" అన్నారట. వాళ్ళ మామూలు పలకరింపే అది. మనం "క్షేమమా" అన్నట్టు వాళ్ళు స్వేచ్ఛ గురించి అడుగుతారు.

ఆవిడ వంటింట్లో జిజిగ్-గల్నష్ చేస్తున్నారు. పిండి ముద్దని చిన్న ముక్కలు చేసి, ఒక్కోదాన్ని పీట మీద మూడు వేళ్ళతో నొక్కి వెనక్కి లాగుతున్నారు. అచ్చం మా అమ్మ గవ్వలు చేసినట్టే! నేనూ పక్కన కూర్చుని ఓ పది చేశాను. వాటిని మాంసం ఉడికిన నీళ్ళలో వేసి, వెల్లుల్లి నూరిన రసంతో తింటారు.

అలా చేస్తూ చేస్తూ అడిగాను, రష్యాతో ఈ గొడవ 1994లో యుద్ధంతో మొదలైందా, 1991లో చెచెన్ నాయకుడు దుదాయెవ్ స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడా అని. ఆవిడ చెయ్యి ఆగింది. "ముందు ఈ ఊరి పేరుకి అర్థం కనుక్కో" అన్నారు.

గ్రోజ్నీ అంటే రష్యన్‌లో భీకరమైనది అని అర్థం. 1818లో రష్యన్ జనరల్ యెర్మొలోవ్ సుంజ నది ఒడ్డున కోట కట్టి ఆ పేరు పెట్టాడు. అంతకు ముందు తెరెక్ నది ఒడ్డున కొజాకులు (రష్యా సరిహద్దుల్లో స్థిరపడ్డ యోధులు), చెచెన్లు శతాబ్దాలుగా పక్కపక్కనే బతికారు. దాడులూ చేసుకున్నారు, సరుకులూ మార్చుకున్నారు, స్నేహాలూ చేశారు. 1785లో చెచెన్ మతనాయకుడు షేక్ మన్సూర్ కింద పెద్ద తిరుగుబాటే జరిగింది. అయినా ఇరుగుపొరుగు తగాదాని తరతరాల పగగా మార్చింది యెర్మొలోవ్ పద్ధతే అని నాకనిపిస్తుంది. ఒకడు దాడి చేస్తే ఊరంతా తగలబెట్టడం, దాక్కునే చోటు లేకుండా అడవులు నరికించడం, పంట పండే మైదానం నుంచి జనాన్ని కొండల్లోకి తోలడం. 1859లో కొండ జనాల నాయకుడు ఇమాం షమీల్ లొంగిపోయేదాకా ఆ యుద్ధం సాగింది.

మర్నాడు మమ్మల్ని తెరెక్ దగ్గరికి, దాది-యుర్త్ స్మారకానికి తీసుకెళ్ళారు. 1819 సెప్టెంబర్లో యెర్మొలోవ్ ఆజ్ఞతో సైన్యం ఆ ఊరిని నేలమట్టం చేసింది. చెరపట్టిన ఆడపిల్లల్ని నది దాటిస్తుంటే, 46 మంది తమ పక్కనున్న సైనికుల్ని గట్టిగా పట్టుకుని నీళ్ళలోకి దూకారని చెప్పుకుంటారు. ఇప్పుడు సెప్టెంబర్ మూడో ఆదివారం చెచెన్ మహిళల దినం. మాది బొబ్బిలి పక్క. కోటలో ఆడవాళ్ళ చావుల కథ వింటూ పెరిగినదాన్ని. తెరెక్ బురద నీళ్ళు వేగంగా పోతున్నాయి. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, అది ఎందుకని అడగలేదు.

తిరిగొచ్చాక బామ్మగారు తన పాస్‌పోర్టు తెచ్చి చూపించారు. పుట్టిన ఊరు కజకస్తాన్‌లో. ఆ వయసువాళ్ళలో ఎవరిది చూసినా దాదాపు అంతేనట. 1944 ఫిబ్రవరి 23న స్టాలిన్ ప్రభుత్వం చెచెన్లని, వాళ్ళ పొరుగువాళ్ళయిన ఇంగుష్‌లని, దాదాపు 5 లక్షల మందిని, రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకి పంపేసింది. జర్మన్లకి సాయం చేశారన్నది ఆరోపణ. చంటిపిల్లలు చేసిన సాయం ఏమిటో! దుదాయెవ్ కూడా ఆ ఏడే పుట్టి, పసిగుడ్డుగా వెళ్ళినవాడే. చలికి, ఆకలికి, టైఫస్‌కి ఎన్నో వేలమంది పోయారు. 1957లో తిరిగి రానిచ్చారు. బామ్మగారికి అప్పుడు ఏడేళ్ళు. వాళ్ళింట్లో వేరే కుటుంబం కాపురముంది. వాళ్ళనీ ప్రభుత్వమే తెచ్చి పెట్టింది.

వాళ్ళ సమాధి రాళ్ళని చుర్త్ అంటారు. వాళ్ళు లేని ఆ పదమూడేళ్ళలో వాటిని పీకి రోడ్ల అంచులకి, పునాదులకి వాడేశారు. 1990లలో అలాంటివి ఏరి తెచ్చి గ్రోజ్నీలో స్మారకం కట్టుకున్నారు. 2014లో దాన్ని విప్పేసి, రాళ్ళని నగరం మధ్యలోని చౌక్‌కి మార్చారు. బామ్మగారు మమ్మల్ని అక్కడికి నడిపించారు. ఒక రాయి మీద అరబ్బీ అక్షరాలు సగం దాకే ఉన్నాయి, మిగతా సగం విరిగిపోయింది. ఆవిడ కొంగుతో దుమ్ము తుడిచినట్టు తలగుడ్డ అంచుతో దాన్ని తుడిచారు. మీ వాళ్ళదా అని అడిగించాను.

"ఎవరిదో. మా నాన్న వాళ్ళ అమ్మది దొరకలేదు. అందుకని వచ్చినప్పుడల్లా ఒకటి తుడిచి వెళ్తాను" అన్నారు.

సాయంత్రం మార్ష్రుత్కా దగ్గర గల్నష్ డబ్బా మా అమ్మాయి చేతిలో పెట్టి, మళ్ళీ ఆ మాటే అన్నారు, ఈసారి "స్వేచ్ఛగా వెళ్ళండి" అని.