పెద్దనాన్న అడిగిన ప్రశ్న

మిర్యాలగూడలో యాసంగి వడ్లు అమ్మిన డబ్బును పెద్దనాన్న వారం రోజులుగా బీరువాలోనే ఉంచారు. బ్యాంకులో వేయమంటే, "బ్యాంకు మునగదని నువ్వు రాసిస్తావా?" అన్నారు. నల్లగొండలో కామర్సు పాఠాలు చెప్పే నాకు నోరు పెగలలేదు.

తేరుకుని పాఠం మొదలుపెట్టాను. మొండి బాకీలు 2018 మార్చిలో మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయని, 2024 సెప్టెంబరు నాటికి 2.6 శాతానికి దిగాయని, గడ్డుకాలం వస్తే బ్యాంకుల మూలధనం తట్టుకుంటుందో లేదో రిజర్వు బ్యాంకు ఏటా రెండుసార్లు తన ఆర్థిక స్థిరత్వ నివేదికలో లెక్కగడుతుందని చెప్పాను. ఆయన ఆవలించారు. నా విద్యార్థులూ సరిగ్గా అక్కడే ఆవలిస్తారు.

"తగ్గిన బాకీలన్నీ వసూలైనవేనా?" అన్నారు ఉన్నట్టుండి.

కావు. పద్దుల్లోంచి కొట్టేసినవీ చాలా ఉన్నాయి. పైగా కొత్త అప్పులు ఎక్కువగా ఇచ్చినా ఆ శాతం తగ్గుతుంది.

"అంటే చెరువు నిండితే బురద కనిపించనట్టు!"

ఇన్నేళ్లలో ఈ సంగతి నేనింత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను.

చివరికి పనిచేసింది బీమా మాట. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంది. అంతకుముందు లక్షే. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల్లో దాచిన సొమ్ముకు ఇది వర్తించదని కూడా చెప్పాను.

నిన్న డబ్బును రెండు బ్యాంకుల్లో విడదీసి వేశారు. యాభై వేలు మాత్రం బీరువాలోనే ఉన్నాయట. పెద్దమ్మ ఫోను చేసి చెప్పింది.