కడుపు చూడమ్మాయ్

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఒక పేజీ చాలన్నారు. మన లీడరమ్మ మాత్రం ఫోన్ చేసి, "డ్రాయింగ్ మాస్టారి గురించి నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారే?" అంది. నిజమే. గంట తాత గురించీ, సైకిల్ స్టాండు పంచాయితీ గురించీ, బి సెక్షన్ పులిహోర డబ్బా గురించీ రాయడానికి మీరంతా ఉన్నారు. నేను మాస్టారి గురించే రాస్తాను.

శనివారం ఆఖరి పీరియడ్. బల్ల మీద అదే కుండ. ఏడాదంతా దాన్నే గీయించారు. చెయ్యి పట్టి దిద్దింది లేదు. వెనక నిలబడి, "అంచు తర్వాత. ముందు కడుపు చూడమ్మాయ్, కడుపు చూడు" అనేవారు. ఆ గొంతు మీ అందరికీ వినిపించే ఉంటుంది.

తొమ్మిదో తరగతిలో అమరావతి వెళ్లాం కదా. మీరంతా కృష్ణ ఒడ్డుకి పరిగెత్తారు. మాస్టారు నన్నూ, చివరి బెంచీ కవలల్నీ మ్యూజియంలో ఆపేశారు. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన పూర్ణఘటం, అంటే తామరలున్న నిండు కుండ, దాని ముందు నిలబెట్టి, "ఇందులో నీళ్లున్నాయా?" అని అడిగారు. రాతిలో నీళ్లెక్కడివి, లేవన్నాం. "మరి ఆ తామరలు దేన్ని తాగి అంత నిగనిగలాడుతున్నాయి?" అన్నారు. మాకు జవాబు తోచలేదు. ఆయనా చెప్పలేదు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాం. కుండ కడుపు ఉబ్బిన తీరు, మెడ దగ్గర సన్నబడిన తీరు, అక్కణ్ణుంచి పైకి లేచిన కాడలు. శిల్పి నీటి చుక్క ఒక్కటి కూడా చెక్కలేదు, అయినా కుండ నిండుగా ఉంది. బస్సు హారన్ కొట్టేదాకా మేం కదల్లేదు. 2018లో వచ్చిన మన రాష్ట్ర చిహ్నం మధ్యలో పూర్ణఘటం కనిపించినప్పుడు, మాస్టారు ఉండి చూసుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇంటరు, డిగ్రీ, బీఈడీ గడిచిపోయాయి. డీఎస్సీలో సైన్సు టీచరుగా తెనాలి వైపు ఒక ఊరి జడ్పీ హైస్కూల్లో చేరాను.

ఆ ఊళ్లో కుమ్మరి సారె తిప్పే ఇల్లు ఒకటే మిగిలింది. వేసవి సెలవుల్లో వాళ్ల వాకిట్లో కూర్చుని నేర్చుకున్నాను. "టీచరమ్మా, మట్టిని నెట్టకు, అది లేచేదాకా ఆగు" అనేవాడు ఆ ఇంటి బాబాయి. ఉత్త నల్లరేగడితో చేస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది, చెరువు మట్టీ ఇసకా కలపాలి. ఆ పాళ్లు పిన్ని వేళ్లతో నలిపి చెప్పేస్తుంది.

ఇప్పుడు నా ఏడో తరగతి పిల్లలు రెండు గ్లాసుల నీళ్లు పెట్టుకుని ఒకదాంట్లో ఎండబెట్టి కాల్చని పెంకు, రెండోదాంట్లో కాల్చిన పెంకు వేస్తారు. మొదటిది చూస్తుండగానే విడిపోయి బురదవుతుంది. రెండోది అలాగే ఉంటుంది. సుమారు 600 డిగ్రీల వేడికి మట్టిలో కట్టుబడి ఉన్న నీరు కూడా వదిలిపోతుందనీ, ఇక అది వెనక్కి రాదనీ ఆ తర్వాత చెప్తాను. ముందే చెప్పేస్తే రాసుకుంటారు గానీ చూడరు. ఈ పద్ధతి నాకు బీఈడీలో రాలేదు, ఎక్కడిదో మీకు తెలుసు.

ఇంటి వెనక ఎనిమిది సెంట్ల తోట ఉంది. యూరియా, పురుగు మందు ఏదీ లేదు. మన గుంటూరులోని రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో ఊరూరా నేర్పే పద్ధతే మాదీ. వానలకి ముందే నవధాన్యాలు చల్లుతాం. విత్తనాలకి మట్టి, బూడిద, ఆవు పేడతో చేసే ఘన జీవామృతం పట్టించే పని పిల్లలది. నేల ఎప్పుడూ పచ్చగానో, ఆకుల కింద కప్పబడో ఉంటుంది. మే నెల ఎండలో పాదులకి నీళ్లు మాత్రం కుండలే ఇస్తాయి. మట్టిలో ఊక కలిపి చేస్తే, కాలేటప్పుడు ఊక మాడి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. అలాంటి కుండని మెడ దాకా పాతి, నింపి, మూత పెడతాం. నేల ఎండితే గోడలోంచి నీళ్లు లాక్కుంటుంది, తడిగా ఉంటే ఊరుకుంటుంది. క్రీస్తు పూర్వమే చైనా వ్యవసాయ గ్రంథంలో రాసి ఉన్న పద్ధతి ఇది. చుట్టూ దోస, బీర, టమాటా అల్లుకుంటాయి. పాతిన కుండ పైకి కనిపించదు, తాగిన తీగలే కనిపిస్తాయి. మాస్టారు ఆ రోజు అడిగినదానికి నా జవాబు ఇదే.

టీచరుద్యోగం చేసుకుంటూ కుండలెందుకు, తోటెందుకు అని మొదట్లో అన్నవాళ్లున్నారు. నాకవి మూడు పనులని ఎప్పుడూ అనిపించలేదు. బడిలో చెప్పిన పాఠం సారె మీద తేలుతుంది, సారె మీద లేచిన కుండ తోటలో పాతుకుంటుంది, తోటలో పుట్టిన ప్రశ్న సోమవారం మళ్లీ క్లాసుకొస్తుంది. చుట్టుపక్కల రైతులు ఇప్పుడు పాదుల కోసం కుండలు అడుగుతున్నారు, పిన్నీ బాబాయిలకి వేసవంతా పనే. నా దగ్గర చదివిన ఒకమ్మాయి వ్యవసాయ కాలేజీలో చేరింది. వీటికి నాకు సంతోషంగా ఉంది, మీకు చెప్పుకోవాలని కూడా ఉంది.

సంక్రాంతి సెలవులయ్యాక వచ్చే ఆదివారం కుండల ఆవం కాలుస్తున్నాం. కవలలిద్దరూ వస్తామన్నారు. మీరూ పాత బట్టలు వేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. మీ ఇళ్లలో నాటు పొట్ల, నేతిబీర, చిక్కుడు విత్తనాలుంటే తలా గుప్పెడు తెండి. భోజనాలు మా ఇంట్లోనే. పులిహోర మాత్రం బి సెక్షన్ వాళ్లు తేవాలి.