కుక్క కిడ్నీ సెల్స్, మా బాబాయి డౌట్లు

సంక్రాంతికి ఒడిశాలో మా ఊరు గుణుపురం వెళ్ళా. పలాసలో ప్యాసింజర్ ఎక్కి ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనం, కాళ్ళు కడుక్కునే లోపే అరుగు మీంచి బాబాయి "ఏటమ్మా, హైద్రాబాదులో ఏటి చేస్తన్నావిప్పుడు" అన్నాడు. కుక్క కిడ్నీ కణాలు పెంచుతున్నా బాబాయ్ అన్నా. అరిసెలు ఒత్తుతున్న పిన్ని చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ కుక్క ఎప్పుడో పోయింది పిన్నీ, దాని కిడ్నీ నుంచి 1958లో మాడిన్, డార్బీ అనే ఇద్దరు తీసిన సెల్స్ మాత్రం ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి, వాళ్ళ పేర్లతోనే ఎండీసీకే అంటారు. మేము చేసేదేంటంటే వాటిల్లో మనిషి జీన్ ఒకటి పెట్టి, మందు లోపలికి పోతోందా బయటికి తన్నేస్తోందా అని చూడ్డం. తన్నేసే ఆ పంపు పేరు పి-గ్లైకోప్రోటీన్, మేం పెట్టే జీన్ తయారుచేసేది దాన్నే. మన ప్యాసింజర్లో టీసీ ఉంటాడు కదా, ఎక్కినోణ్ణి ఎక్కినట్టే దింపేస్తే బోగీ ఖాళీగానే ఉంటుంది, ఇదీ అంతే, పేగుల్లో, కిడ్నీలో, మెదడు రక్తనాళాల్లో కాపలా కాస్తుంది. మంచిదే, కానీ క్యాన్సర్ కణానికి ఈ టీసీ ఎక్కువైతే కీమో మందు లోపల నిలవదు. 1976లో జూలియానో, లింగ్ దీన్ని పట్టుకున్నది కాల్చిసిన్‌కి లొంగని చైనా హ్యామ్‌స్టర్ (ఎలుక జాతి చిన్న జంతువు) కణాల్లో. కాల్చిసిన్ అంటే మన కంచెల్లో నిప్పులా పూసే అగ్నిశిఖ దుంపలో ఉండే విషమే.

"అలా లొంగని కణాలే పెంచుకోవచ్చు కదా, జీన్ పెట్టడం దేనికి" అన్నాడు బాబాయి. వ్యవసాయం చేసేవాడు కదా, పాయింటు పట్టేశాడు. మందు పోసి పోసి మొండి చేసిన కణంలో ఒక్క పంపే కాదు, ఇంకా ఎన్నో మారిపోయి ఉంటాయి, దేని వల్ల బతికిందో ఎలా చెప్తాం? అదే పక్కపక్కన రెండు మళ్ళు, ఒకే విత్తనం, ఒకే నీళ్ళు, ఒకదాంట్లోనే ఎరువు వేశావనుకో, తేడా ఎరువుదే. మా దగ్గర కూడా మామూలు ఎండీసీకే ఒక ప్లేటు, జీన్ పెట్టింది ఒక ప్లేటు. సన్నటి రంధ్రాల పొర మీద కణాలు నేలకి టైల్స్ పరిచినట్టు పరుచుకుంటాయి, మందు పైనుంచి కిందికి ఎంత పోయింది, కిందినుంచి పైకి ఎంత వచ్చింది కొలిచి పైకి వచ్చిందాన్ని కిందికి పోయిందాంతో భాగిస్తాం, అదే రేషియో. అది 2 గానీ ఆపైన గానీ వచ్చి, పంపుని ఆపే మందు వేస్తే కనీసం సగానికి పడిపోతే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం ఆ మందు ఈ పంపు చేతిలో పడేదే. ఒక చిక్కు, కుక్కకీ సొంత పి-గ్లైకోప్రోటీన్ ఉంది, మామూలు ప్లేటు కూడా కొంచెం తోస్తుంది! అందుకే ఇప్పుడు జీన్లు కత్తిరించే పద్ధతి క్రిస్పర్‌తో కుక్క జీన్ కోసేసిన లైన్లు (కణాల వంశాలు) వచ్చాయి. పాత లైన్లతో తిప్పలుపడ్డ వాళ్ళకి తెలుస్తుంది దాని విలువ.

బాబాయి వదల్లేదు. మా రాయగడ జిల్లాలో చలిజ్వరం, అదే మలేరియా, రాని ఇల్లుండేది కాదు ఒకప్పుడు. "క్లోరోక్విన్ మింగితే లేచి కూచునీవోళ్ళం, తర్వాత పన్జెయ్యడం మానేసింది, అదీ ఇదేనా?" వేరే గుమ్మం బాబాయ్, పని మాత్రం అదే. మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవి పొట్టలాంటి సంచి గోడలో పీఎఫ్‌సీఆర్‌టీ అనే ప్రోటీన్ ఉంటుంది, అందులో 76వ స్థానం మారితే క్లోరోక్విన్ సంచిలోంచి జారిపోతుందని 2000 నాటికే లింకు దొరికింది, నిజంగా అదే మోస్తోందని 2009లో ఆ ప్రోటీన్ని కప్ప గుడ్లలో పెట్టి చూపించారు. ఇంకో వింత, బీపీ మాత్ర వెరాపమిల్ ఈ రెండు గుమ్మాల్నీ మూసేస్తుంది, ల్యాబ్‌లో మాటేలెండి.

"కుక్కయ్యింది, కప్పయ్యింది" అని పిన్ని నవ్వు. పంది కిడ్నీది కూడా ఉందని చెప్పలేదు, తినే టైము.

పండగ అయ్యాక ల్యాబ్‌కి వెళ్తే నా పరువే పోయింది. ఈ పంపు బాగా తన్నేసే గుండె మందు డిగాక్సిన్‌తో చెక్ చేస్తే మామూలుగా పదికి పైన వచ్చే రేషియో మూడు కూడా రాలేదు. ప్లేట్లు మార్చా, పొర కారుతోందేమో అని రంగు పోసి చూశా, బాగానే ఉంది, రెండు వారాలు మీటర్లనీ పిపెట్లనీ తిట్టా. చివరికి చూస్తే పండక్కి చాలా ముందు నేనే కలిపిన మీడియా (కణాలకి తిండిగా పోసే ద్రవం) బాటిళ్ళు, వాటిల్లో కాల్చిసిన్ వెయ్యలేదు. మా లైన్‌కి అది కొంచెం ఎప్పుడూ ఉండాలి, ఉంటే పంపు లేని కణం చస్తుంది ఉన్నదే మిగుల్తుంది, లేకపోతే సోమరి కణాలన్నీ హాయిగా పెరిగి ప్లేటంతా ఆక్రమించేస్తాయి, అదే జరిగింది. మొత్తం పారేసి, లిక్విడ్ నైట్రోజన్‌లోంచి దాచిన కణాల పాత వయల్ (చిన్న సీసా) తీసి మళ్ళీ మొదలెట్టా, మూడు పాసేజ్‌ల (పెరిగిన కణాల్ని కొత్త ప్లేట్లలోకి మార్చడం) తర్వాత రేషియో దారికొచ్చింది. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసుంది: కాల్చిసిన్ ఏసినావా? బాబాయి యాసలోనే రాశా, మా ల్యాబ్‌లో అది నాకొక్కదానికే అర్థమవుతుంది, మర్చిపోయేదీ నేనొక్కదాన్నే కదా.