చెవి మీద పడుతున్న ఫోకస్

అమ్మమ్మవి ఇరవై ఫొటోలు తీశాను. అన్నింట్లోనూ చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కళ్లు మాత్రం మసక. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న ఫోక్ట్‌లెండర్ నోక్టన్ 75 ఎంఎం ఎఫ్ 1.5 లెన్స్ అది. లెన్స్‌లోనే లోపముందేమోనని టెన్షన్ పట్టుకుంది.

నాది రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో మనం చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కిటికీలో అన్నీ ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తాయి. మధ్యలో చిన్న చదరంలో మాత్రం రెండు బొమ్మలుంటాయి. రింగ్ తిప్పి వాటిని ఒకదాని మీదికి ఒకటి తెస్తే ఫోకస్ కుదిరినట్టు. లెన్స్ వెనక అంచు కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెట్టడం వల్లే ఇది జరుగుతుంది. ఆ చక్రం వెంట్రుకవాసి పక్కకి జరిగినా కిటికీలో చూస్తే తెలియదు.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, మీటరు దూరంలో స్కేలుని 45 డిగ్రీలు వాల్చి, 15 అంకె గీత దగ్గర ఫోకస్ చేసి పది ఫొటోలు తీశాను. ప్రతిసారీ రింగ్‌ని ఇన్ఫినిటీకి, అంటే అన్నిటికన్నా దూరపు ఫోకస్‌కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. పదిసార్లూ ఫోకస్ గీతకి వెనకే పడింది. చెయ్యి తప్పితే ఒకసారి ముందు, ఒకసారి వెనక పడాలి కదా! అదే లెన్స్‌ని స్నేహితుడి కెమెరాకి పెడితే సరిగ్గా గీత మీదే పడింది. అంటే తేడా నా కెమెరాది. మీటరు దూరంలో 50 ఎంఎం ఎఫ్ 2 లెన్స్‌కి దాదాపు 4.5 సెంటీమీటర్ల లోతు వరకు స్పష్టంగా వస్తుంది. ఈ 75కి వచ్చేది 1.5 మాత్రమే. ఇన్నాళ్లూ 50తో తీయడం వల్లే ఈ తేడా బయటపడలేదు. మెకానిక్ చక్రాన్ని సరిచేసి ఇచ్చాడు.

స్కేలు పరీక్ష పాసైంది. అమ్మమ్మ ఫొటోల్లో మళ్లీ చెవే!

ఈసారి తప్పు నేను తీసే పద్ధతిలో ఉందని పట్టుకోడానికి చాలా రోజులు పట్టింది. ఫోకస్ చదరం మధ్యలోనే ఉంటుంది కాబట్టి కన్ను మీద ఫోకస్ చేసి, కన్ను ఫ్రేమ్ పైభాగానికి వచ్చేలా కెమెరాని కిందికి వంచేవాణ్ణి. మీటరు దూరంలో 8 డిగ్రీలు వంచితే స్పష్టంగా వచ్చే తలం కన్నుకి దాదాపు ఒక సెంటీమీటరు వెనక్కి పోతుంది. ఉన్న లోతే ఒకటిన్నర, అందులో సగమే ఆ తలానికి ముందు వైపు. కన్ను మసకబారడానికి ఆ ఒక్క సెంటీమీటరు చాలు.

ఇప్పుడు కెమెరాని వంచను. ఫోకస్ కుదిరాక మోకాళ్లు వంచి, కెమెరాని నిటారుగానే ఉంచి పద్నాలుగు పదిహేను సెంటీమీటర్లు కిందికి దించుతాను. మొదట్లో నడుం పట్టేసింది, అలవాటైపోయింది. ఇంకో సంగతి: కెమెరా నిలువుగా పట్టుకుంటే ఆ రెండు బొమ్మలూ పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి అడ్డగీత ఉన్నచోట ఫోకస్ తేలిక. కింది కనురెప్ప అంచుని మించిన అడ్డగీత ముఖంలో నాకు దొరకలేదు.

పోయిన వారం పన్నెండు తీస్తే ఎనిమిదింట్లో కన్ను కుదిరింది. మిగతా నాలుగూ ఆవిడ నవ్వుతూ ముందుకి ఊగినప్పటివి. వాటినీ దాచుకున్నాను.